మడమ నిలవని బూట్లు

సెప్టెంబరు ఆఖరివారంలో, కొండల మీద తొలి మంచు పడి, పరదేశి యాత్రికులందరూ కరాకోల్ పట్టణం విడిచి వెళ్లిపోయిన రోజుల్లో, బూట్లు కుట్టే ఇబ్రాయ్ ఒక ఉదయం డిటెక్టివ్ తొలొన్ మామిరోవ్ ఇంటి తలుపు తట్టాడు. డెబ్బయ్యేళ్ల మనిషి. నలభై ఆరేళ్లుగా ఆ లోయలోని గైడ్లందరూ ఆయన కుట్టిన కొండబూట్లతోనే కనుమలు దాటుతున్నారు. అంతటి మనిషి ఆనాడు గడప దగ్గరే ఆగిపోయి, లోపలికి రావడానికి తనకు అర్హత ఉన్నదో లేదో తెలియనివాడిలా నిలబడ్డాడు.

తొలొన్ లేచి, రెండు చేతులూ చాచి ఎదురు వెళ్లాడు. ఇరవై ఏడేళ్లు పోలీసుశాఖలో నేరపరిశోధన చేసి, భార్య పోయిన సంవత్సరమే ఉద్యోగమూ వదులుకొని, రెండు గదుల చెక్క ఇంట్లో ఒంటరిగా బతుకుతూ సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి ఆయన. ఒకప్పుడు పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించిన సాల్తనత్ నాలుగేళ్లుగా ఆయనకు సహాయకురాలు. ఆయన చూసే ప్రతిదాన్నీ తానూ చూస్తుంది; ఆయనకు కనబడేది తనకెందుకు కనబడదో మాత్రం ఆమెకు ఈనాటికీ అంతుపట్టలేదు.

“రండి అకే, పెద్దల చోట కూర్చోండి. సాల్తనత్, టీ పెట్టమ్మా.” ఆ ఊళ్లో పెద్దలను అకే అని, అన్న వరసవారిని బైకే అని పిలుస్తారు.

“టీకి రాలేదు తొలొన్. నా చేతులు నన్ను మోసం చేశాయో లేదో కనిపెట్టి చెప్తావని వచ్చాను.”

విషయం ఇది. గైడ్ల సంఘం అధ్యక్షుడు కుబానిచ్ మే నెలలో ఇబ్రాయ్ దగ్గర కొత్త బూట్లు కుట్టించుకున్నాడు. మొదటి యాత్రలోనే మడమ జారడం మొదలైంది. మూడో యాత్రలో, జూలైలో, కనుమ దిగుతూండగా కుడిబూటు అడుగు అట్ట ఊడిపోయింది. అతడు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. రానున్న శనివారం గైడ్లందరూ సమావేశమై, ఇకమీదట ఇబ్రాయ్ బూట్లు ఎవరూ తొడగరాదని తీర్మానించబోతున్నారు.

“కుట్టాల్సిన చోట నేను జిగురు పూశానట,” అన్నాడు ఇబ్రాయ్. “జన్మలో పూయలేదు. కానీ ముద్ర నాదే. తోలు నాదే. బల్లకి అవతల నుంచే చూపించారు, చేతికివ్వలేదు. ఈమధ్య పొయ్యి ఆర్పానో లేదో గుర్తుండటం లేదు తొలొన్. ఇంట్లో అడుగుదామంటే ఇంకో మనిషి లేడు. ఏమో, ఏదో ఒకనాడు పూశానేమో!”

“సంఘం ఏమన్నా పోనివ్వండి. మీకేం తెలియాలి?”

“అదే. పూశానా, లేదా.”

* * *

సంఘం కార్యాలయంలో కుబానిచ్ బీరువా తెరిచి బూట్లు బల్లమీద పెట్టాడు. యాభై ఆరేళ్ల దిట్టమైన మనిషి. కట్టు విప్పిన కుడిచేయి ఇంకా సన్నగానే ఉన్నది.

“చూడండి బైకే, నోరెలా తెరిచిందో! ఆకలేసిన గుర్రప్పిల్ల కూడా ఇంత తెరవదు. మా నాన్న ఈయన బూట్లే తొడిగాడు, నేనూ ఈయనవే తొడిగాను. ముసలాయన మీద నాకేం పగ? కానీ నా వెనకాల తాడుకి ఆరుగురున్నారు ఆ రోజు. నాతోపాటు వాళ్లూ పోయేవాళ్లు.”

 తొలొన్ బూట్లను కిటికీ వెలుగులోకి తీసుకువెళ్లి, తిప్పి తిప్పి చూశాడు. తరువాత, తనలో తాను చదువుకొంటున్నట్లుగా, ఒక్కొక్క మాటే పలికాడు. సాల్తనత్ రాసుకొన్నది.

అడుగు అట్టను జిగురుతో అతికించిన మాట వాస్తవమే. అయితే బూటు అంచు చుట్టూ వరుసగా సూది రంధ్రాలున్నాయి; వాటిలో దారం లేదు, మట్టి ఉన్నది. లేసులు కొత్తవి, లేసు తగిలించే ఇత్తడి కొక్కేలు మాత్రం నల్లరంగు పూర్తిగా పోయి పచ్చగా మెరుస్తున్నాయి. ఎడమబూటు లోపల, వేళ్ల మూలన, తెగిన దారం ముక్కకు నాలుగైదు తెల్లని ఉన్నిపోగులు అంటుకొని ఉన్నాయి. ఎడమబూటు లోపలి అట్ట మీద వేళ్లు లోతుగా దించిన గుంటలు నాలుగు.

“కుబానిచ్, ఒకసారి మేజోడు విప్పు.”

“నా కాలెందుకు బైకే? పెళ్లిచూపులా?”

“నచ్చితే చెప్తాలే. ఎడమకాలు కూడా.”

గొణుగుతూనే విప్పాడు. పొడవైన పాదం, సన్నని మడమ, రెండు కాళ్లకూ అయిదేసి వేళ్లు. తొలొన్ తల ఊపాడు.

“ఈ బూట్లు తెచ్చుకున్న రోజు నుంచి మొదటి యాత్ర దాకా ఎవరెవరి గడప దగ్గర విప్పావు?”

“ఎక్కడా లేదు. అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఆఁ, ఒక్కచోట. తెచ్చుకున్న మూడోరోజు, మెదెర్ పోయిన నలభయ్యోనాటి భోజనం. గైడ్లందరం ఒక జట్టుగా వెళ్లాం. మొదటిసారి తొడిగింది ఆ రోజే.”

“జట్టులో పెద్ద ఎవరు?”

“నేనే. ఇంకెవరు?”

మెదెర్ ముప్ఫై ఎనిమిదేళ్ల గైడు. ఏప్రిల్ మొదట్లో న్యుమోనియాతో, కొండమీద కాదు, తన మంచం మీదనే చనిపోయాడు. అతని పేరు వినగానే కుబానిచ్ కంఠంలోని వేడి చల్లారిపోవడం సాల్తనత్ గమనించింది.

* * *

మధ్యాహ్నం వారు ఇబ్రాయ్ పనిగదికి వెళ్లారు. తోలు వాసన, మైనం వాసన. గోడ పొడవునా అరల మీద చెక్క అచ్చులు. ప్రతి గైడుకూ వాడి పాదం కొలతకు చెక్కిన జత ఒకటి. కొన్నిటి వేళ్లు ఇటు తిరిగి ఉన్నాయి, కొన్నిటివి గోడవైపు తిరిగి ఉన్నాయి. గోడవైపు తిరిగినవే ఎక్కువ.

“అవి పోయినవాళ్లవి,” అన్నాడు ఇబ్రాయ్. “పారేయలేను. ఎదురుగా పెట్టుకుని పని చేయలేను.”

ఆ వరుసలో చివరి జతను తొలొన్ చేతిలోకి తీసుకొన్నాడు. మడమ వెడల్పుగా ఉన్నది. ఎడమ అచ్చుకు చిటికెనవేలు ఉండవలసిన చోటు నున్నగా కోసి ఉన్నది.

“మెదెర్‌ది. ఆరేళ్ల కిందట మంచు కొరికేసింది,” అన్నాడు ముసలాయన. “నాలుగేళ్ల కిందట వాడికి కుట్టిన బూట్లే వాడి ఆఖరి బూట్లయ్యాయి. నవ్వుతూ ఉండేవాడు, ఒక వేలు తక్కువ, ధర తగ్గించు అకే అని.”

తొలొన్ ఆ అచ్చును మరల గోడవైపే తిప్పి పెట్టాడు. బయటికి వచ్చాక సాల్తనత్ ఉండబట్టలేక అడిగింది: “బైకే, నాలుగు గుంటలు! ఆ బూట్లు మెదెర్‌వేనా? చనిపోయినవాడి బూట్లు కుబానిచ్ కాళ్లకెలా వచ్చాయి?”

“అది చెప్పగలిగిన మనిషికి తానే చెప్పగలనని తెలియదనుకుంటున్నాను. పద, ఆ ఇంటికి వెళ్దాం.”

* * *

మెదెర్ భార్య బేగిమాయ్, మంచానపడిన అత్తగారు, ఒక పెద్ద వాకిలి. ఆ ఇంట్లో మిగిలినవి అవే. వాకిట్లో నలభై నాలుగేళ్ల మనిషి ఒకడు కట్టెలు పేరుస్తున్నాడు. పేరు తలాయ్, అతడూ గైడే, మెదెర్ అక్క భర్త. రబ్బరు తొడుగులు వేసుకొని, రెండు కాళ్లూ కుంటుతూ నడుస్తున్నాడు.

“కాళ్లకేమైంది తలాయ్?” అని అడిగాడు తొలొన్.

“కొండ దిగొచ్చినవాడికి కాళ్లు నొప్పి పుట్టక పళ్లు నొప్పి పుడతాయా బైకే?”

“రెండు మడమలూ ఒకేలా పుండ్లు పడ్డాయే! నీ బూట్లకి నీమీద కోపమా?”

తలాయ్ నవ్వబోయి మానుకొని, కట్టెల వైపు తిరిగాడు.

లోపల బేగిమాయ్ రొట్టె తుంచి పెట్టింది, టీ పోసింది. ఆ గదిలో అయిదారు మాటల తరువాత సంభాషణ తనంతట తానే ఆగిపోతున్నది. చాలా నెలలుగా ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడని ఇంటి లక్షణమది.

“నలభయ్యోనాడు గైడ్లు వచ్చినప్పుడు బూట్లు తిప్పి పెట్టింది ఎవరమ్మా?”

“నేనే. ఈ ఇంటికి కోడలిని నేనొక్కదాన్నే కదా. వాళ్లు లేచేలోపు, తొడుక్కోడానికి వీలుగా, అందరివీ వేళ్లు బయటికి తిప్పి పెట్టాను. పదకొండు జతలు. అన్నీ ఇబ్రాయ్ తాతవే, అన్నీ ఒకేలా కొవ్వు పూసి నల్లగా. ఎవరివేవో దేవుడికెరుక.”

“మెదెర్ బూట్లు తలాయ్ తొడుక్కొని వచ్చాడా?”

ఆమె టీపాత్ర మూత సరిచేసింది. “ఆయనకి స్నానం చేయించిన నలుగురిలో తలాయ్ అన్నయ్య ఒకరు. బట్టలు పంచినప్పుడు బూట్లు ఆయన వంతుకొచ్చాయి. తొడుక్కొని వచ్చారు, నన్ను బాధపెట్టాలని కాదు, గౌరవంగా. చూశాను. చూడనట్టే ఉన్నాను.”

సెలవు తీసుకొని గడప దగ్గరికి వచ్చేసరికి వారి బూట్లు అప్పటికే బయటికి తిరిగి ఉన్నాయి. తొలొన్‌వి గుమ్మానికి కుడిపక్కనున్న చదునురాయి మీద, సాల్తనత్‌వి కింద.

“ఈ రాయి?” అన్నాడు తొలొన్.

“ఇంటి పెద్దది. ఇంటి పెద్ద లేనప్పుడు వచ్చినవాళ్లలో పెద్దది.”

వారు వీధిలోకి వచ్చారు. కేసు ముగిసిందని సాల్తనత్‌కు ఆయన నడకను బట్టి తెలిసింది. అయితే ఎన్నడూ లేనంత నిదానంగా నడుస్తున్నాడు.

“రేపు మళ్లీ ఒకసారి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లిరా,” అన్నాడు చివరికి. “శనివారం రమ్మను. ఎందుకో కూడా ముందే చెప్పు. నలుగురిలో మొదటిసారి వినకూడని మాట అది.”

* * *

శనివారం మధ్యాహ్నం సంఘం గదిలో తివాచీల మీద పదకొండుమంది గైడ్లు గుండ్రంగా కూర్చున్నారు. ఇబ్రాయ్ తలుపు పక్కన, ముద్దాయిలా. బేగిమాయ్ కిటికీ దగ్గర. తొలొన్ మాత్రం అందరూ లోపలికి వచ్చేదాకా గడప దగ్గరే నిలబడి, విప్పిన బూట్లను ఒక్కొక్కటిగా చూసి, ఆఖరున తానూ వచ్చి కూర్చున్నాడు.

“కుబానిచ్ ఫిర్యాదులో అబద్ధం లేదు,” అని మొదలుపెట్టాడు. “మడమ జారింది. అట్ట ఊడింది. ఒక్కటే పొరపాటు. ఆ బూట్లు కుబానిచ్‌వి కావు.”

గది గొల్లుమన్నది. “కాలు ఎవరిదో అది కూడా చెప్పండి బైకే!” అన్నాడొకడు వెనుకనుంచి.

“అదే చెప్తున్నాను. ఇత్తడి కొక్కేలకి రంగు పోవాలంటే మూడు యాత్రలు చాలవు, మూడు నాలుగేళ్లు లేసు రాసుకోవాలి. అంచున సూది రంధ్రాలున్నాయి. అంటే ఇబ్రాయ్ అకే కుట్టే పంపారు. తర్వాత ఎవరో పాత అట్ట తీసేసి బజారు జిగురుతో కొత్తది అతికించారు. ఎడమబూటులో వేళ్ల గుంటలు నాలుగే. అయిదో వేలు ఉండాల్సిన చోట తెల్ల ఉన్నిపోగులు. అకే, తెల్ల ఉన్ని ముద్ద మీరెవరి బూటులో పెట్టారు?”

ఇబ్రాయ్ తల ఎత్తాడు. “మెదెర్‌కి. ఒక్క మెదెర్‌కే. వేలు లేని చోట బూటు నలిగిపోకుండా.”

కుబానిచ్ తన ముందున్న బూటును చూశాడు. ఆపైన తన చేతిని దానిమీదనుంచి తీసేశాడు.

“చనిపోయినవాడి బూట్లు స్నానం చేయించినవాడికి వస్తాయి,” అన్నాడు తొలొన్. “వద్దనకూడదు. అమ్మకూడదు. పారేయకూడదు. కాలికి పట్టకపోయినా సరే. ఉన్ని ముద్ద చిటికెనవేలిని నొక్కేస్తే పీకేయాలి. అట్ట అరిగితే ఇబ్రాయ్ అకే దగ్గరికి తీసుకెళ్లాలి. కానీ తీసుకెళ్తే, తన చేతిపని చెడగొట్టింది చూసి ఆయన ఊరుకుంటారా? అందుకని ఇంట్లోనే జిగురు. అంతేనా తలాయ్?”

తలాయ్ మోకాళ్ల మీద లేచాడు. “నేను దొంగని కాదు బైకే.”

“కాదు. దొంగవైతే నాకు సుళువయ్యేది. దొంగ మంచి బూట్లు ఎత్తుకెళ్తాడు, తన మడమలు కోసే బూట్లు కాదు. గడప దగ్గర నీ జత చూశాను. కొక్కేలు ఇంకా నల్లగానే ఉన్నాయి. కుబానిచ్ మడమ సన్నం, నీది వెడల్పు. వేసవంతా రక్తాలు కారుతూ నడిచావు. బూట్లు మారాయని నీకు ఎప్పుడు తెలిసింది?”

“ఆ రోజే. వీధి మలుపు తిరిగేలోపే.” అతడు ఇబ్రాయ్ వైపు తిరిగాడు. “కుబానిచ్‌కి కూడా తెలిసిపోతుంది, వస్తాడు, మార్చుకుందాం అనుకున్నాను. రాలేదు. నేను వెళ్లి చెప్తే, బావమరిది బూట్లు వదిలించుకోడానికి ఎత్తు వేశాడంటారు. ఎవరికీ తెలియకూడదని ఇవే తొడుక్కుని తిరిగాను. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఉన్నాను. ఇంతలో అతను పడ్డాడు. నా జిగురు మూలంగా పడ్డాడు. ఆ తర్వాత నోరెలా వస్తుంది?”

“మరి మార్చిందెవరు?” అని కుబానిచ్ గర్జించాడు. “నా బూట్లు వాడి ముందుకి వాటంతటవే నడిచి వెళ్లాయా?”

 తొలొన్ తల వంచుకొని ఎదురుచూస్తున్నాడని సాల్తనత్‌కు అర్థమయింది.

“నేను,” అన్నది బేగిమాయ్. “సాల్తనత్ అక్క వచ్చి చెప్పేదాకా నాకూ తెలియదు. అందరి బూట్లూ తిప్పుతూ ఒక జత తీసి చదునురాయి మీద పెట్టాను. పదేళ్లు రోజూ పెట్టినట్టే. పట్టుకుంటే చాలు, అవెవరివో చేతికి తెలుస్తుంది, చూడక్కర్లేదు. ఆయన లేడని నాకు తెలుసు. నా చేతులకి ఎవరూ చెప్పలేదు.”



“రాయి మీద ఉన్నవి పెద్దవాడివి,” అని తొలొన్ మెల్లగా ముగించాడు. “కుబానిచ్ పెద్దవాడు. కిందికి చూడకుండా తొడుక్కున్నాడు. మనలో ఎవరు చూస్తాం? మిగిలిన జత తలాయ్‌కి మిగిలింది.”

కుబానిచ్ లేచి గడప దగ్గరికి వెళ్లి, తలాయ్ విడిచిన బూట్లలో కాళ్లు పెట్టాడు. మడమ ఒరలోకి కత్తి దిగినట్లు దిగి నిలిచిపోయింది. రెండు అడుగులు వేసి, వెనుదిరిగి వచ్చి, ఇబ్రాయ్ ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు.

“అకే, ఈ బూట్లు వేసవంతా వాడి కాళ్లని కోశాయి గానీ ఒక్క కుట్టు వదల్లేదు. నన్ను తిట్టండి. బిగ్గరగా తిట్టండి, వీళ్లంతా వినాలి.”

“తిట్టడం మీ నాన్న పని, ఆయన లేడుగా, నాకెందుకది,” అన్నాడు ఇబ్రాయ్. గైడ్లు నవ్వారు. తీర్మానం ఊసు మరెవరూ ఎత్తలేదు. తలాయ్ వచ్చి మెదెర్ బూట్లను రెండు చేతులతో అందుకొన్నాడు. బేగిమాయ్ అతనితో, “ఉన్ని ముద్ద నేను కుడతాలే అన్నయ్యా, మీ వేలికి తగలకుండా,” అన్నది.

* * *

అందరూ వెళ్లిపోయిన తరువాత ఇబ్రాయ్ ఆ గదిలోనే కిటికీ దగ్గర కూర్చుండిపోయాడు. ఆయన ఒడిలో కుబానిచ్ బూట్లు ఉన్నాయి. రెండు రోజులు ఉంచుకొని ఇస్తానని అడిగి తీసుకొన్నాడు. రాయిలా గట్టిగా ఉన్నాయి కదా అకే, ఎందుకని కుబానిచ్ అంటే, నీకలాగే ఉంటాయిలే అని మాత్రం అన్నాడు.

ఎడమ మడమ వెనుకభాగాన్ని ఆయన బొటనవేలితో తడుముతున్నాడు.

“గడప దగ్గర నిలబడి చూశావుగా తొలొన్. ఇది కూడా చూశావా?”

“చూశాను అకే.”

సాల్తనత్ వంగి చూసింది. నిలువునా సాగిన కుట్ల వరుసలో మూడు కుట్లు కొద్దిగా పక్కకు ఒరిగి ఉన్నాయి. ఊడలేదు, సడలలేదు, వరుస తప్పాయి, అంతే.

“వాళ్లకి చెప్పలేదే?”

“వాళ్లు అడిగింది జిగురు సంగతి. మీరు పూయలేదు.”

“పూయలేదు,” అన్నాడు ఇబ్రాయ్. ఆ మాటను ఇంకొకసారి, ఈసారి తనకోసం, అనుకొన్నాడు. “కానీ ఇవి మూడూ నావే. వచ్చే ఏడు ఆరవుతాయి. ఒప్పుకున్న జతలు నాలుగున్నాయి. అవి ముగించి పనిగది ముందరి బోర్డు నేనే దించేస్తాను. వాళ్లు దించడం వేరు, నేను దించడం వేరు.”

తొలొన్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. 

“ఆ నాలుగు జతలూ అయ్యేదాకా పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటే బాగుండును. కుట్టు ఒరిగితే వెంటనే చెప్పడానికి. మొహమాటపడని మనిషి,” అన్నాడు ఇబ్రాయ్.

“నాకు కుట్టుపని తెలియదు అకే.”

“కళ్లున్నాయిగా, చాలు. నీకు ఏ రోజు ఖాళీ?”

తొలొన్ కిటికీలోనుంచి వీధిలోకి చూశాడు. సాల్తనత్ అలవాటు కొద్దీ రోజులు రాసుకోవడానికి పుస్తకం తెరిచింది.

“అన్ని రోజులూ,” అన్నాడు తొలొన్.